పాత ముస్తఫా గేమ్ బోర్డు: తెర నిండా రంగు గళ్లు, ఆట మొదలు కావడం లేదు

ప్రశ్న: తెనాలి వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1995 నుండి 2004 వరకు తెనాలిలో వీడియో గేమ్స్ షాపు నడిపారు. షాపు మూసినప్పుడు గేమ్ పెట్టెలన్నీ పాత ఇనుము కిందకు వెళ్లిపోయాయి గానీ, ఒక్క బోర్డును మాత్రం ఆయన న్యూస్‌పేపర్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. అది మనందరం ముస్తఫా గేమ్ అని పిలుచుకున్న ఆట. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ సంస్థ విడుదల చేసింది. అయితే మా దగ్గరున్నది ఆ సంస్థ బోర్డు కాదు. ఆ రోజుల్లో చిన్న ఊళ్ల షాపులకు వచ్చిన నకలు బోర్డు. దాని మీద 64 కాళ్ల 68000 ప్రాసెసర్, ఆట ప్రోగ్రామూ బొమ్మలూ నిల్వ ఉండే, గాజు కిటికీలున్న ఈప్రామ్‌లు, ధ్వని కోసం ఓకీ 6295, పిక్ 16సి57 అని రాసి ఉన్న రెండు ఐసీలు, ఇవి కాక 74 సిరీస్ చిన్న ఐసీలు డజన్ల కొద్దీ ఉన్నాయి.

వచ్చే సంక్రాంతికి దీనిని మళ్లీ ఆడించి నాన్నగారికి చూపించాలని నా కోరిక. కొత్త జామా వైరింగు (గేమ్ బోర్డును సప్లైకు, బటన్లకు, తెరకు కలిపేది), ఒక ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), మామూలు ఎల్‌సీడీ మానిటరుకు బొమ్మ అందించడానికి జీబీఎస్-8200 కన్వర్టర్ బోర్డు కొన్నాను. కరెంటు ఇచ్చిన వెంటనే తెర నిండా రంగు రంగుల గళ్లు కనిపించి, ఆ తరువాత ఏ కదలికా లేకుండా అలాగే నిలిచిపోతున్నాయి. ధ్వని లేదు. ఆపి మళ్లీ వేస్తే గళ్ల రంగులు మారుతున్నాయి తప్ప ఆట మొదలు కావడం లేదు. ఎస్ఎంపీఎస్ దగ్గర కొలిస్తే 5.06 వోల్టులు చూపిస్తోంది కాబట్టి సప్లైలో లోపం లేదనుకుంటున్నాను.

మా ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకరికి చూపిస్తే, బోర్డు మొత్తాన్ని హాట్ ఎయిర్‌తో వేడి చేస్తే విడిపోయిన అతుకులు కలుస్తాయని చెప్పారు. అలా చేయించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. నా దగ్గర ఒక మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. డిప్లొమాలో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివాను. ఎక్కడ మొదలుపెట్టి ఏ వరుసలో వెళ్లాలో తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.


సమాధానం: టంకం

తెనాలి మిత్రునికి నమస్కారం. ముందుగా ఒక్క మాట: దయచేసి ఆ బోర్డును హాట్ ఎయిర్ కిందకు పంపవద్దు. ఫోన్లలో ఐసీల కింద కనిపించని అతుకులు ఉంటాయి కాబట్టి అక్కడ ఆ పద్ధతికి ఒక అర్థం ఉంది. మీ బోర్డులోని ఐసీల కాళ్లు రంధ్రాల గుండా అవతలి వైపుకు వచ్చి సోల్డర్ అయి ఉంటాయి. ఆ అతుకులు అంత తేలికగా విడిపోవు. ముప్పై ఏళ్ల నాటి బోర్డు మొత్తాన్ని వేడి చేస్తే రాగి ట్రాకులు లేచిపోతాయి, సాకెట్లు కరిగిపోతాయి, ఇప్పుడున్న ఒక్క లోపం పది లోపాలవుతుంది. ఏ ఐసీ పోయిందో కొలతతో నిర్ధారించుకునే వరకు సోల్డరింగ్ ఐరన్ వేడెక్కవలసిన అవసరమే లేదు.

ఇక సప్లై విషయం. మీరు 5.06 వోల్టులు కొలిచింది ఎస్ఎంపీఎస్ దగ్గర. బోర్డుకు ఎంత అందుతోందన్నది వేరే ప్రశ్న, మనకు కావలసిన సమాధానం దానికే. మీటరు నల్ల తీగను 68000 యొక్క 16వ కాలి మీద, ఎర్ర తీగను 14వ కాలి మీద పెట్టి, బోర్డు నడుస్తుండగా కొలవండి. 74 సిరీస్ ఐసీలకు 4.75 నుండి 5.25 వరకు ఉండాలి. సన్నని వైర్లు, తుప్పు పట్టిన ఎడ్జ్ కనెక్టర్ కలిసి దారిలోనే అర వోల్టు మింగేయడం నేను చాలాసార్లు చూశాను. అంత తక్కువ వోల్టేజీలో ర్యామ్‌లు తప్పులు చదువుతాయి, తెర మీద మీరు చెప్పిన గళ్లే కనిపిస్తాయి.

జపాన్‌లో 1985లో వచ్చిన జామా ప్రమాణం ప్రకారం కనెక్టరుకు ఒక్కో వైపు 28 చొప్పున 56 కాళ్లు ఉంటాయి. 1, 2 సంఖ్యలు, వాటి వెనుక వైపున ఏ, బీ అక్షరాలు గ్రౌండ్. 3, 4, సీ, డీ కాళ్లు 5 వోల్టులు. 6, ఎఫ్ కాళ్లు 12 వోల్టులు. ఇవి చాలా బోర్డుల్లో ధ్వని యాంప్లిఫయర్ కోసమే. చాలామంది 5 వోల్టులకు ఒక్క వైరే వేసి ఊరుకుంటారు. మీరు నాలుగు కాళ్లకూ నాలుగు వైర్లు, గ్రౌండుకు కూడా అన్ని వైర్లు వేయండి. బోర్డు అంచున ఉన్న బంగారు రంగు పట్టీలను పెన్సిల్ రబ్బరుతో మృదువుగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గరుకు కాగితం వాడితే పైపూత పోయి, ఆ తరువాత తుప్పు ఇంకా వేగంగా పడుతుంది.

ఈ సందర్భంలోనే మరొక జాగ్రత్త చెప్పాలి. జామా కనెక్టరులో 7వ స్థానంలో ఒక అడ్డు బిళ్ల ఉండాలి, బోర్డులో అదే చోట గాటు ఉండాలి. ప్లగ్గును తలక్రిందులుగా పెట్టకుండా కాపాడేది ఆ బిళ్ల ఒక్కటే. చౌక కనెక్టర్లలో అది ఉండదు. అది లేనప్పుడు ప్లగ్గు తిరగబడితే 12 వోల్టులు నేరుగా బటన్ల ఇన్‌పుట్ల మీదకు వెళతాయి. మీ కొత్త వైరింగులో ఆ బిళ్ల ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఇవి కాక, కరెంటు తీసేసి 5 వోల్టుల లైనుకు, గ్రౌండుకు మధ్య షార్ట్ ఉందేమో ఓమ్స్‌లో కొలవండి. మీ బోర్డు ఏదో ఒక బొమ్మ ఇస్తోంది కాబట్టి పూర్తి షార్ట్ ఉండకపోవచ్చు, అయినా కొలిచి రాయండి.


తెనాలి వాసి

టంకం గారూ, మీరు చెప్పినట్లే ఉంది. ఎస్ఎంపీఎస్ దగ్గర 5.06 ఉన్నప్పుడు 68000 కాళ్ల దగ్గర 4.57 మాత్రమే వస్తోంది. పట్టీలను శుభ్రం చేసి, వైర్లు రెట్టింపు చేసిన తరువాత అదే చోట 4.96 వచ్చింది. షార్ట్ లేదు. కనెక్టరులో అడ్డు బిళ్ల లేదు. ప్లాస్టిక్ ముక్కను కోసి నేనే 7వ స్థానంలో అమర్చాను.

ఇప్పుడు గళ్ల అంచులు స్పష్టంగా కనిపిస్తున్నాయి, రంగులు వణకడం ఆగిపోయింది. కానీ ఆట మాత్రం మొదలు కావడం లేదు. కాబట్టి సప్లై ఒక లోపమే గానీ అసలు లోపం వేరే ఉందని అర్థమవుతోంది. తరువాతి మెట్టు ఏమిటి?


సమాధానం: రేడియో మెకానిక్

బాబూ, మీరు బోర్డును వేడి చేయించకుండా ముందు ప్రశ్న అడగడం చాలా మంచిదైంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. 68000 ఉన్న బోర్డు మొదలు కాకపోతే నేను చూసే వరుస ఎప్పుడూ ఒకటే: సప్లై, క్లాక్, రీసెట్, హాల్ట్, ఆ తరువాతే రోమ్ (అంటే ఈప్రామ్‌లు), ర్యామ్. మీరు సప్లై దాటారు కాబట్టి క్లాక్ దగ్గర నుండి వద్దాం.

మల్టీమీటర్ మాత్రమే ఉంటే ఇక్కడి నుండి చీకట్లో నడక అవుతుంది. ఒక లాజిక్ ప్రోబ్ కొనండి. మంచి మల్టీమీటరు ఖరీదులో చిన్న భాగానికే వస్తుంది, ఇలాంటి బోర్డుల మీద దానికి మించిన పనిముట్టు లేదు. ప్రోబ్ మూడు సంగతులు చెబుతుంది: ఈ కాలు హై, ఈ కాలు లో, ఈ కాలు మీద పల్సు ఉంది. నాలుగోది, అన్నిటికన్నా విలువైనది: ఏ దీపమూ వెలగకపోతే ఆ కాలు గాలిలో తేలుతోందని అర్థం.

68000 యొక్క 15వ కాలు క్లాక్. అక్కడ పల్సు ఉండాలి. 18వ కాలు రీసెట్, 17వ కాలు హాల్ట్. ఈ ప్రాసెసర్‌ను మొదటిసారి నిద్ర లేపాలంటే ఈ రెండు కాళ్లనూ కలిపి, సప్లై వచ్చాక కనీసం 100 మిల్లీసెకన్ల పాటు లో లో ఉంచి, ఆ తరువాత హై కి వదలాలి. అందుకే ఈ రెండింటినీ కరెంటు వేసే క్షణంలో చూడాలి, వేసిన చాలాసేపటికి కాదు. మూడు రకాల ఫలితాలు రావచ్చు. రెండూ లో లోనే ఉండిపోతే రీసెట్ సర్క్యూట్ పోయినట్టు. రీసెట్ కాలు సెకనుకు ఒకటి రెండు సార్లు కొట్టుకుంటూ ఉంటే, ప్రోగ్రాము దారి తప్పడం వల్ల వాచ్‌డాగ్ సర్క్యూట్ ప్రాసెసర్‌ను పదే పదే మొదటికి తెస్తున్నట్టు. వాచ్‌డాగ్ అన్ని బోర్డులలోనూ ఉండదు. ఇక రీసెట్ హై కి వచ్చి అక్కడే ఉండి, హాల్ట్ మాత్రం హై కి వచ్చిన వెంటనే మళ్లీ లో కు పడిపోతే, ప్రాసెసర్ తనంతట తానే చేతులెత్తేసినట్టు.

ఈ మూడోది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ లక్షణాలను బట్టి అదే అయి ఉంటుందని నా అనుమానం. 68000 లేవగానే సున్నా చిరునామా నుండి నాలుగు బైట్లు చదివి వాటిని స్టాక్ పాయింటరుగా పెట్టుకుంటుంది. 4వ చిరునామా నుండి మరో నాలుగు బైట్లు చదివి, అక్కడ చెప్పిన చోటికి వెళ్లి ప్రోగ్రాము మొదలుపెడుతుంది. ఈ ఎనిమిది బైట్లూ ప్రోగ్రాము ఈప్రామ్‌లలో ఉంటాయి. మీ బోర్డులో ప్రోగ్రాము రెండు ఈప్రామ్‌లలో పంచి ఉంటే, సరి చిరునామాల బైట్లు ఒకదానిలో, బేసి చిరునామాల బైట్లు మరొకదానిలో ఉంటాయి. ఒక ఈప్రామ్ ఒక్క బిట్టు తప్పు చదివినా ప్రాసెసర్ తప్పు చోటికి వెళుతుంది. రెండు బైట్ల మాటను బేసి చిరునామా నుండి చదవబోతే దాన్ని తప్పుగా గుర్తించి, తప్పును సంబాళించే ప్రోగ్రాముకు వెళ్లడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలోనే, స్టాక్ పాయింటరు కూడా బేసి విలువలో ఉండడం వల్లనో మరో కారణంగానో రెండో తప్పు ఎదురైతే, ఇక చేయగలిగింది లేక హాల్ట్ కాలును లో కు లాగి ఆగిపోతుంది. అప్పుడు వీడియో సర్క్యూట్ మాత్రం తన పని తాను చేసుకుంటూ, వీడియో ర్యామ్‌లో కరెంటు వేసినప్పుడు యాదృచ్ఛికంగా ఏర్పడిన విలువలను తెర మీద గీస్తూనే ఉంటుంది. ఆపి వేసిన ప్రతిసారీ మీ గళ్ల రంగులు మారడానికి కారణం ఇదే.

ఆ మూడు కాళ్లు చూసి రాయండి. ఆ తరువాత, ఈప్రామ్‌లు సాకెట్లలో ఉంటే జాగ్రత్తగా తీసి ఎవరి దగ్గరైనా రీడరులో చదివించండి. తీసే ముందు ఏ సాకెట్లో ఏది, గాటు ఏ వైపు ఉంది అన్నది ఫోటో తీసుకోండి. ఒక ఐసీని తిప్పి పెట్టి కరెంటు ఇస్తే అది ఒక్క క్షణంలో పోతుంది. కిటికీల మీది స్టిక్కర్లు ఊడిపోతే నల్ల టేపు అంటించండి. వాటిని చెరిపేది అతినీలలోహిత కాంతి. ఎండలో రోజుల తరబడి ఉంచితే దాని ప్రభావమూ ఉంటుంది.


తెనాలి వాసి

మెకానిక్ గారూ, మీ అనుమానమే నిజమైంది. 15వ కాలి మీద పల్సు ఉంది. రీసెట్ లో నుండి హై కి వచ్చి స్థిరంగా ఉంటోంది. హాల్ట్ కాలు దానితో పాటే హై కి వచ్చి, కంటికి అందీ అందనంత సమయంలో లో కు పడిపోతోంది.

ఈప్రామ్‌లను మా పాత కాలేజీ ల్యాబ్‌లో ఉన్న టీఎల్866 రీడరుతో చదివించాను. మేమ్ ఎమ్యులేటర్‌లో (పాత ఆటలను కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) ఈ ఆట నకలు బోర్డుల ఫైళ్లకు ఇచ్చిన సీఆర్‌సీ విలువలతో, అంటే ఫైలులో తేడా ఉంటే పట్టించే సంఖ్యలతో పోల్చాము. గ్రాఫిక్స్ ఈప్రామ్‌లన్నీ సరిపోయాయి. రెండు ప్రోగ్రాము ఈప్రామ్‌లలో ఒకటి సరిపోయింది. రెండోది మూడుసార్లు చదివితే మూడు వేర్వేరు విలువలు ఇచ్చింది. ల్యాబ్ మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని కాళ్లు నల్లబడి ఉన్నాయని చూపించారు. కాళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ చదివితే వరుసగా ఐదుసార్లు ఒకే విలువ వచ్చింది, అది ఎమ్యులేటర్‌లోని విలువతో సరిపోయింది. బోర్డు మీది సాకెట్‌లో కూడా కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఐసీని నాలుగైదుసార్లు పెట్టి తీశాను.

ఇంత చేసినా హాల్ట్ అలాగే పడిపోతోంది. అయితే ఒక తేడా గమనించాను: ఇంతకుముందు హాల్ట్ వెంటనే పడిపోయేది, ఇప్పుడు దాదాపు అర సెకను తరువాత పడుతోంది. ఆ అర సెకనులో 6వ కాలి మీద పల్సులు కనిపిస్తున్నాయి. ఇది మంచి సూచనేనా?


సమాధానం: రేడియో మెకానిక్

చాలా మంచి సూచన. 6వ కాలు అడ్రస్ స్ట్రోబ్. ప్రాసెసర్ మెమరీని అడుగుతున్న ప్రతిసారీ అది కొట్టుకుంటుంది. అంటే ప్రోగ్రాము మొదలై కొంత దూరం నడుస్తోంది. ఈప్రామ్‌లు సరిగ్గా చదువుతున్నాయి. నడిచి నడిచి పడిపోతోందంటే ఇప్పుడు అనుమానం ర్యామ్ మీద.

ఈ ఆటలో ప్రాసెసర్ సొంత పనికి వాడుకునే ర్యామ్ 64 కిలోబైట్లు. మీ బోర్డులో 68000కు దగ్గరగా 62256 అని రాసి ఉన్న ఐసీల జంట ఉందేమో చూడండి. ఒక్కొక్కటి 32 కిలోబైట్లు. పై బైటు, అంటే డీ8 నుండి డీ15 వరకు ఒకదానికి; కింది బైటు, డీ0 నుండి డీ7 వరకు మరొకదానికి. ఉపప్రోగ్రాములోకి వెళ్లే ముందు తిరిగి రావలసిన చిరునామాను ప్రాసెసర్ ఈ ర్యామ్‌లోనే రాసుకుంటుంది. రాసుకున్నదానిలో కింది బైటు దక్కకపోతే, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడికో వెళుతుంది. ఆ ఎక్కడికో అన్నది బేసి చిరునామా అయ్యే అవకాశం సగానికి సగం.

కరెంటు ఉన్నప్పుడు ఆ రెండు 62256ల మీద ఈ కాళ్లు పోల్చండి: 20 అనేది ఐసీని ఎంచుకునే కాలు, 22 చదివే కాలు, 27 రాసే కాలు. ప్రాసెసర్ ఆగిపోయిన స్థితిలో కూడా ఈ మూడూ స్పష్టంగా హై గానీ లో గానీ ఉండాలి. ఒకదానిలో ఉండి మరొకదానిలో లేకపోతే మనకు దారి దొరికినట్లే. ర్యామ్‌నే తప్పు పట్టి పీకేయవద్దు. ర్యామ్‌కు ఆజ్ఞ అందుతోందో లేదో చూడకుండా ర్యామ్ మార్చడం, ఉత్తరం పోస్టు చేయకుండా జవాబు రాలేదని బంధువును నిందించడం వంటిది.


తెనాలి వాసి

మాస్టారూ, దొరికిందనుకుంటున్నాను. రెండు 62256లలోనూ 20, 22 కాళ్లు ఒకేలా హై చూపిస్తున్నాయి. పై బైటు ర్యామ్ 27వ కాలు కూడా హై. కింది బైటు ర్యామ్ 27వ కాలి మీద ప్రోబులో ఏ దీపమూ వెలగడం లేదు. మల్టీమీటర్ పెడితే 0.9 నుండి 1.6 వోల్టుల మధ్య ఏదో ఒక విలువ చూపిస్తూ, చెయ్యి దగ్గరకు తెస్తే మారుతోంది.

కరెంటు తీసేసి ఆ కాలి నుండి కంటిన్యూటీ వెతుక్కుంటూ వెళితే ఒక 74ఎల్ఎస్32 ఐసీ యొక్క 3వ కాలికి చేరింది. దాని 1వ కాలు 68000 యొక్క 9వ కాలికి, అంటే రీడ్ రైట్ లైనుకు, 2వ కాలు 8వ కాలికి, అంటే కింది బైటును ఎంచుకునే ఎల్‌డీఎస్‌కు కలిసి ఉన్నాయి. అదే 74ఎల్ఎస్32లోని 6వ కాలు పై బైటు ర్యామ్‌కు వెళుతోంది. 74ఎల్ఎస్32 అంటే ఆర్ గేట్లు కదా. రాసే ఆజ్ఞకు ఆర్ గేటు ఎందుకు వాడారో మొదట అర్థం కాలేదు. రెండు ఇన్‌పుట్లూ లో అయినప్పుడే అవుట్‌పుట్ లో అవుతుంది, ఇక్కడ అన్ని ఆజ్ఞలూ లో లో ఉన్నప్పుడే పని చేసేవి కాబట్టి, రాయాలి అనేది ఒకటి, కింది బైటు అనేది ఒకటి, రెండూ కలిసినప్పుడే ర్యామ్‌కు అందుతుందని కాగితం మీద గీసుకున్నాక తెలిసింది. పదిహేనేళ్ల క్రితం డిప్లొమాలో మార్కుల కోసం రాసిన ట్రూత్ టేబుల్ ఇలా ఉపయోగపడుతుందని అనుకోలేదు.

ఈ 74ఎల్ఎస్32ను మార్చేయవచ్చా, ఇంకా ఏమైనా పరీక్షించాలా?


సమాధానం: గుజరాతీ గల్లీ

మీరిద్దరూ చేసిన పరిశోధన చదివి చాలా సంతోషమైంది. గేటు ఇన్‌పుట్ల మీద ఏమి ఉన్నా సరే, బాగున్న ఐసీ అవుట్‌పుట్ హై అయితే 2.7 వోల్టులకు పైన, లో అయితే 0.5కు కింద ఉండాలి. మధ్యలో తేలుతోందంటే లోపలి అవుట్‌పుట్ విడిపోయినట్టే. అయినా సోల్డరింగ్ ఐరన్ పట్టే ముందు ఒక సులువైన పరీక్ష ఉంది: కొత్త 74ఎల్ఎస్32ను పాతదాని నెత్తిన, గాటు మీద గాటు వచ్చేలా, కాళ్లకు కాళ్లు తాకేలా నొక్కి పట్టుకుని కరెంటు వేయండి. పాతదాని అవుట్‌పుట్ తెగిపోయి ఉంటే కొత్తది ఆ పని తీసుకుంటుంది.

భాగాల గురించి: హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో 74 సిరీస్ ఐసీలు ఇప్పటికీ దొరుకుతాయి. 74హెచ్‌సీ ఇస్తే తీసుకోకండి. దాని ఇన్‌పుట్లు హై అని నమ్మడానికి 3.5 వోల్టుల దాకా కావాలి, ఎల్ఎస్ ఐసీలు అంత ఇస్తాయన్న హామీ లేదు. 74హెచ్‌సీటీ అయితే ఫరవాలేదు. పాత ప్రాసెసర్లు, ర్యామ్‌ల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పైన అచ్చు చెరిపి కొత్త నంబరు వేసిన ఐసీలు ఆన్‌లైన్‌లో చాలా తిరుగుతున్నాయి. కొన్నాక దుకాణంలోనే ఆల్కహాల్ తడిపిన దూదితో రుద్ది చూడండి. అచ్చు చెరిగితే తిరిగి ఇచ్చేయండి. టీఎల్866 రీడరులో 74 సిరీస్ ఐసీలను పరీక్షించే సదుపాయం కూడా ఉంది కాబట్టి మీ ల్యాబ్‌లో ముందే చూసుకోవచ్చు.


సమాధానం: రేడియో మెకానిక్

నెత్తిన పెట్టే పరీక్షను నేనూ చేస్తాను, కానీ దాని హద్దు తెలుసుకుని చేయాలి. అవుట్‌పుట్ తెగిపోయినప్పుడే అది నిజం చెబుతుంది. అవుట్‌పుట్ గ్రౌండుకు అతుక్కుపోయిన ఐసీ మీద కొత్తదాన్ని పెడితే రెండూ ఒకే లైను మీద పోట్లాడుకుంటాయి, కొత్తది కూడా వేడెక్కుతుంది, ఫలితమూ రాదు. ఇక్కడ తేలుతున్న కాలు కాబట్టి ఫరవాలేదు. కొన్ని సెకన్లకు మించి ఉంచకండి.

పరీక్ష నెగ్గితే, ఐసీని తీసే పద్ధతి ఇది. ఐసీని కాపాడాలని ఆశించకండి, బోర్డును కాపాడండి. సన్నని కట్టరుతో పద్నాలుగు కాళ్లనూ ఐసీ ఒంటికి దగ్గరగా కత్తిరించి ఒంటిని తీసేయండి. ఆ తరువాత ఒక్కొక్క కాలినీ వేడి చేసి పట్టకారుతో లాగండి. సోల్డర్ పూర్తిగా కరిగాకే లాగాలి, బలం వాడకూడదు. గ్రౌండుకు కలిసే 7వ కాలు పెద్ద రాగి పొరకు అతుక్కుని ఉంటుంది కాబట్టి వేడిని లాగేసుకుంటుంది. అక్కడ ముందు కొంచెం కొత్త సోల్డర్ కలిపి, అది పాతదానితో కలిసి ద్రవంగా మారాక లాగండి. మీ 25 వాట్ల ఇనుము ఆ ఒక్క కాలికి చాలకపోవచ్చు. రంధ్రాలు పంపుతో ఖాళీ చేసి, 14 కాళ్ల సాకెట్ వేసి, ప్రతి కాలి నుండి ట్రాకు మరో చివర వరకు కంటిన్యూటీ చూసిన తరువాతే కొత్త ఐసీ పెట్టండి. రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడిపోతే పైవైపు ట్రాకు తెగుతుంది, కింది నుండి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఈ ఒక్క పొరపాటుతో బాగుపడవలసిన బోర్డులు పక్కన పడిపోవడం నేను చూశాను.


తెనాలి వాసి

ఆదివారం హైదరాబాదు వెళ్లి రెండు 74ఎల్ఎస్32లు, సాకెట్లు, పంపు తెచ్చాను. కొత్తదాన్ని నెత్తిన పెట్టి కరెంటు వేయగానే గళ్లన్నీ పోయి తెర నల్లబడింది, మరుక్షణం ఆట మొదలైంది. నేను వెంటనే కరెంటు తీసేసి, మాస్టారు చెప్పిన పద్ధతిలో ఐసీని కత్తిరించి, సాకెట్ వేశాను. 7వ కాలికి పక్కింటి వారి 60 వాట్ల ఇనుము తెచ్చుకోవలసి వచ్చింది. అన్ని ట్రాకులూ నిలిచాయి.

ఇప్పుడు ఆట గంటన్నర నుండి ఆగకుండా నడుస్తోంది. రంగులు, ధ్వని బాగున్నాయి. ఒక్కటే లోపం మిగిలింది. దెబ్బ కొట్టే బటన్ పనిచేస్తోంది, దూకే బటన్ పనిచేయడం లేదు. ఇద్దరు ఆటగాళ్లకూ అంతే. కంట్రోల్ ప్యానెల్ వైరింగు రెండుసార్లు చూశాను. ఇద్దరికీ ఒకేసారి ఒకే బటన్ పోవడం వింతగా ఉంది.


సమాధానం: టంకం

వింత కాదు, దానికి చాలా స్పష్టమైన కారణం ఉండి ఉంటుంది. జామాలో మొదటి ఆటగాడి రెండో బటన్ 23వ కాలు. రెండో ఆటగాడి రెండో బటన్ వెనుక వైపున సరిగ్గా దాని ఎదురు కాలు. 28 కాళ్ల ప్లగ్గును తలక్రిందులుగా పెడితే 6వ స్థానం 23వ స్థానం మీదకు వస్తుంది. 6వ స్థానంలో రెండు వైపులా ఉన్నవి 12 వోల్టులు. ఎల్ఎస్ ఐసీల ఇన్‌పుట్లు 7 వోల్టులకు మించి తట్టుకోలేవు. మీ బోర్డును ఎప్పుడో ఒకసారి తిప్పి పెట్టి ఉంటారు. నాన్నగారిని అడిగి చూడండి.

23వ కాలి నుండి ట్రాకు వెంట వెళ్లండి. ముందు పుల్అప్ రెసిస్టరు (బటన్ నొక్కనప్పుడు లైనును 5 వోల్టుల దగ్గర ఉంచేది), బహుశా ఒక సీరీస్ రెసిస్టరు, చిన్న కెపాసిటరు వస్తాయి, ఆ తరువాత బటన్ సంకేతాన్ని ప్రాసెసర్ వైపుకు అందించే బఫర్ ఐసీ. బటన్ నొక్కనప్పుడు బఫర్ కాలి దగ్గర 5 వోల్టులకు దగ్గరగా, నొక్కినప్పుడు సున్నాకు దగ్గరగా ఉండాలి. అక్కడి వరకు సరిగ్గా ఉంటే బఫర్ పోయినట్టు.


తెనాలి వాసి

నాన్నగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పారు. ఒక దసరా సెలవుల్లో షాపు కిక్కిరిసి ఉన్నప్పుడు, గేమ్ మార్చే తొందరలో పని కుర్రవాడు ప్లగ్గు తిప్పి పెట్టాడట. వెంటనే తీసి సరిగ్గా పెట్టినా, ఆ రోజు నుండి ముస్తఫా దూకలేదట. దూకకుండా ఈ ఆట ఎవరు ఆడతారని బోర్డును పక్కన పెట్టేశారట. బాగుచేయించాలని దాచి, తరువాత షాపే మూతపడింది.

23వ కాలి దారి ఒక 74ఎల్ఎస్244 వరకు వెళ్లింది. రెండో ఆటగాడిది మరో 74ఎల్ఎస్244కు వెళ్లింది. ఒకటి కింది బైటుకు, ఒకటి పై బైటుకు. రెండింటిలోనూ ఇన్‌పుట్ కాలు బటన్‌తో పాటు సక్రమంగా 5కూ సున్నాకూ మారుతోంది, దానికి జతగా ఉండే అవుట్‌పుట్ మాత్రం మారడం లేదు. రెండు ఐసీలూ కోఠి నుండి కొరియర్‌లో తెప్పించి, ఇరవై కాళ్ల సాకెట్లతో సహా మార్చాను. ఈసారి చెయ్యి వణకలేదు.

నిన్న సాయంత్రం నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి కరెంటు వేశాను. ఆయన ముస్తఫాను ఎంచుకుని, మొదట ఎవరినీ కొట్టకుండా, దూకే బటన్ ఒక్కటే వరుసగా ఆరేడుసార్లు నొక్కి చూశారు.